ఐదో నెలలోనూ మోరో వస్తోంది, కాళ్ళు దొడ్డిగా ఉన్నాయి: మీరైతే ఏ వరుసలో చూస్తారు?

కొత్తచేయి:
పిల్లల ఫిజియోథెరపీ విభాగంలో చేరి నాలుగు నెలలైంది. నిన్న చూసిన ఒక పాప గురించి మీ అందరినీ అడగాలనిపించింది.

పాపకు సరిగ్గా ఐదు నెలలు. 34 వారాలకే పుట్టింది. "ప్రతి చిన్నదానికీ ఉలిక్కిపడుతోంది, కాళ్ళు వంకరగా కనిపిస్తున్నాయి" అని వాళ్ళమ్మ తీసుకొచ్చారు. మోరో, అంటే ఉలిక్కిపడి చేతులు చాచి మళ్ళీ దగ్గరికి తెచ్చుకునే రిఫ్లెక్స్, రెండు చేతుల్లోనూ పూర్తిగా వచ్చింది. తల కుడివైపు తిప్పితే కుడి చెయ్యి చాచి, ఎడమ చెయ్యి ముడుచుకుంటోంది, అంటే ఏటీఎన్ఆర్ అనే రిఫ్లెక్స్ కూడా ఉంది. అరచేతి పట్టు, అరికాలి పట్టు రెండూ ఉన్నాయి. మోకాళ్ళ మధ్య ఖాళీ బాగానే ఉంది, పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి. తుంటి విడదీస్తుంటే ఎడమవైపు కొంచెం తక్కువగా వచ్చింది కానీ అప్పటికే పాప గుక్కపట్టి ఏడుస్తోంది, అందుకని ఆపేశాను.

ఫైలులో "ప్రిమిటివ్ రిఫ్లెక్సులు కొనసాగుతున్నాయి, జెను వేరమ్" అని రాశాను, అంటే పుట్టుకతో వచ్చే ప్రతిచర్యలు ఇంకా పోలేదని, మోకాళ్ళు బయటికి వంగాయని. రాసిన దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. ఆ రెండు మాటలతో ఒక తల్లిని భయపెట్టానేమో అనిపిస్తోంది. మీరైతే ముందు ఏం చూస్తారు, ఎలా చూస్తారు?

పాతగోనియో:
అమ్మా, ముందు వయసు లెక్క సరిచూసుకుందాం. 34 వారాలకు పుట్టిందంటే ఆరు వారాలు ముందు. ఐదు నెలల్లోంచి నెలన్నర తీసేస్తే పాప వయసు మూడున్నర నెలలు. మనం రిఫ్లెక్సులను పోల్చాల్సింది ఆ వయసుతోనే. రెండేళ్ళు వచ్చేదాకా నేను ఫైలు మీద రెండు వయసులూ పక్కపక్కనే రాస్తాను.

మూడున్నర నెలలకు మోరో ఉండడంలో వింతేమీ లేదు. అది మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పోతుంది. ఏటీఎన్ఆర్ కూడా దాదాపు అంతే. అరచేతి పట్టు ఆరు నెలల దాకా ఉండవచ్చు. అరికాలి పట్టయితే బిడ్డ నిలబడే రోజుల దాకా, తొమ్మిది నుంచి పన్నెండు నెలల వరకూ సాగుతుంది. కాబట్టి "కొనసాగుతున్నాయి" అన్న మాట ఈ పాపకు సరిపోదు.

రిఫ్లెక్స్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం, బిడ్డ అందులోంచి బయటికి రాగలుగుతోందా అన్నది. తల తిప్పాక పాప చేతిని నోటి దగ్గరికి తెచ్చుకోగలిగితే, తల నడిమికి తిప్పుకోగలిగితే నేను కంగారుపడను. తల తిప్పిన ప్రతిసారీ ఆ భంగిమలోనే బిగుసుకుపోయి, ఎంత గింజుకున్నా విడిపించుకోలేకపోతే మాత్రం అది ఏ నెలలోనూ మామూలు విషయం కాదు. నువ్వు చూసినప్పుడు ఎలా ఉంది?

కొత్తచేయి:
రెండు మూడు సెకన్లలో బయటికి వచ్చేసింది సర్. చెయ్యి నోట్లో పెట్టుకుంది కూడా. వయసు సరిదిద్దుకోవాలని చదువుకున్నదాన్నే. పాప ఎదురుగా ఏడుస్తుంటే ఆ లెక్క తలకెక్కలేదు.

రాత్రిషిఫ్ట్:
నవజాత శిశువుల వార్డులో నర్సుని. పరీక్ష ఎలా చేయాలో మీకే బాగా తెలుసు, ఎప్పుడు చేయాలో మాత్రం నేను చెప్పగలను. పాలు తాగిన వెంటనే బిడ్డ మత్తుగా ఉంటుంది, రిఫ్లెక్సులు మందంగా వస్తాయి. ఆకలి వేళ చెయ్యి తగిలినా ఉలిక్కిపడుతుంది. రెండు పాల వేళల మధ్య, కళ్ళు తెరిచి, ఏడవకుండా, చుట్టూ చూస్తున్నప్పుడు మొదలుపెట్టండి. బిడ్డ ఆ సమయంలో ఏ స్థితిలో ఉందో ఒక్క మాట రాయండి. "ఏడుస్తూ" అని రాసి ఉంటే తర్వాత చూసేవాళ్ళకు ఆ ఫలితాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

ఇంకొకటి. మోరో రెండువైపులా సమానంగా వచ్చిందని రాశారు, అదే పెద్ద ఊరట. మా వార్డులో ఒక బాబుకి కుడి చెయ్యి మాత్రమే లేచేది. అందరూ నరం దెబ్బతిందేమోనని అనుకున్నాం. తీరా చూస్తే ఎడమ జత్రుక, అంటే మెడ కింద భుజం వైపు ఉండే ఎముక, విరిగింది. కొద్ది రోజులకు అక్కడ గట్టి బుడిపె చేతికి తగిలింది. మోరో ఒకవైపు రాకపోతే జత్రుక మీద, భుజం మీద వేలుపెట్టి చూడకుండా వదలొద్దు.

బుజ్జిఅడుగులు:
కాళ్ళ గురించి నేను చెబుతాను, నా పనిలో సగం అదే.

పసిపిల్లల కాళ్ళు దొడ్డిగానే పుడతాయి. సలేనియస్, వాంకా అనే ఇద్దరు 1975లో ప్రచురించిన కొలతలనే ఇప్పటికీ అందరం చూస్తాం. పుట్టినప్పుడు మోకాలి దగ్గర దాదాపు 15 డిగ్రీల బయటి వంపు. ఏడాదిన్నర దాటాక కాళ్ళు నిటారవుతాయి. ఆ తర్వాత ఎదురు వంపు తిరిగి మూడేళ్ళప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేంత దగ్గరవుతాయి. ఏడేళ్ళకు పెద్దవాళ్ళ కాళ్ళలా స్థిరపడతాయి. మూడున్నర నెలల పాపకు "జెను వేరమ్" అని పేరు పెడితే, ఉండాల్సినదాన్నే జబ్బుగా రాసినట్టవుతుంది.

పైగా ఈ వయసులో కంటికి కనిపించే వంపంతా మోకాలిది కాదు. గర్భంలో ముడుచుకుని ఉన్న బిడ్డకు తుంటి బయటికి తిరిగి ఉంటుంది, పిక్క ఎముక కాస్త లోపలికి మెలితిరిగి ఉంటుంది. ఈ రెండూ కలిసి, లేని వంపును కూడా ఉన్నట్టు చూపిస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిచిప్పలు రెండూ సూటిగా పైకప్పును చూసేలా తొడల్ని మెల్లగా తిప్పి పట్టుకోండి. అప్పుడు చూడండి. సగం వంపు మాయమవుతుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు, అంతకుముందు రాసిన కొలతలన్నీ గుర్తొచ్చి చాలా బాధపడ్డాను.

నన్ను భయపెట్టే వంపు వేరే ఉంది. ఒక కాలికే ఎక్కువ ఉన్నది, నెలనెలా పెరుగుతున్నది, రెండేళ్ళు దాటినా తగ్గనిది. మణికట్టు ఎముకలు లావెక్కి ఉంటే ఎముకలు మెత్తబడే రికెట్స్ కోసం రక్తపరీక్ష అడగాలి. త్వరగా నడిచిన, బరువైన బిడ్డకు మోకాలి కింద పదునుగా విరిగినట్టు వంపు ఉంటే పిక్క ఎముక పైభాగం సరిగా పెరగని బ్లౌంట్ జబ్బు గుర్తుకు రావాలి.

పాదాలకైతే, బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిచి అరికాలు చూడండి. మడమ మధ్యలోంచి గీసిన గీత రెండో వేలి దగ్గరికి పోవాలి. నాలుగు, ఐదు వేళ్ళ వైపు పోతే ముందుపాదం లోపలికి వంగినట్టు. వేలితో నెడితే నిటారైపోతే దాదాపు ఎప్పుడూ దానంతటదే సర్దుకుంటుంది. గట్టిగా ఉంటే, మడమ కూడా లోపలికి తిరిగి పైకి లాగి ఉంటే, అది క్లబ్‌ఫుట్ కావచ్చు. ఆ రోజే పంపించాలి.

వెన్నెలమ్మ:
నేను థెరపిస్టుని కాదండి. ఒక బిడ్డ తల్లిని. మీరంతా రాస్తున్నది చదువుతుంటే మొదటి పోస్టులో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎడమ తుంటి తక్కువగా విడిపడిందన్న మాట.

మా అమ్మాయికి డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు ఎప్పుడూ బిగదీసుకునేది. నాలుగో నెలలో ఒకచోట చెప్పాను. "మీరు భయపడుతున్నారు, బిడ్డ బాగానే ఉంది" అన్నారు. అప్పుడు కూడా అందరూ చేతుల వైపు, తల నిలపడం వైపే చూశారు. పద్నాలుగో నెలలో నడక మొదలయ్యాక కుంటుతుంటే ఎక్స్‌రే తీశారు. తుంటి కీలు బయటికి జరిగి ఉంది. మత్తిచ్చి కీలు సర్ది, నడుము నుంచి కాళ్ళ దాకా కట్టు వేశారు. ఇప్పుడు పరుగెత్తుతోంది, దేవుడి దయ. కానీ ఆ కట్టుతో గడిచిన రోజులు మర్చిపోలేను. దయచేసి ఆ పాపను ఇంకోసారి పిలిపించండి.

కొత్తచేయి:
వెన్నెలమ్మగారూ, మీ పోస్టు చదివి చేతులు చల్లబడ్డాయి. ఆ పాప వాళ్ళమ్మ కూడా వెళ్ళేముందు "డైపర్ పెట్టేటప్పుడు ఎడమ కాలు రాదు" అన్నారు. నేను తల ఊపాను, రాయలేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

పాతగోనియో:
వెన్నెలమ్మగారు చెప్పిందే ఈ చర్చలో అసలు విషయం. నేను కూడా వయసు లెక్కలో పడి ఆ వాక్యం దాటేశాను.

రేపు చూసేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకో. తుంటి కీలు జారుతోందా, తిరిగి కూర్చుంటోందా అని చూసే బార్లో, ఓర్తొలాని పరీక్షలు మొదటి రెండు మూడు నెలల్లోనే బాగా పనికొస్తాయి. ఆ తర్వాత కీలు చుట్టూ కండరాలు బిగుసుకుపోయి, ఆ 'టక్' మనే కదలిక చేతికి తెలియకపోవచ్చు. మూడు నెలలు దాటాక మనకు దొరికే గట్టి ఆధారం తుంటి తక్కువగా విడిపడడమే. తుంటీ మోకాలూ 90 డిగ్రీలు మడిచి, రెండు కాళ్ళూ ఒకేసారి విడదియ్యి. ఒక్కో కాలు విడిగా చేస్తే కటి పక్కకు ఒరిగి లెక్క తప్పుతుంది. మోకాళ్ళు మడిచి రెండింటి ఎత్తు పోల్చే గలియాజ్జీ పరీక్షకు కూడా కటి సమంగా ఆని ఉండాలి. ఇంకో చిక్కు ఉంది, రెండు తుంటులూ జరిగి ఉంటే రెండు మోకాళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి, తేడా కనిపించదు. తొడ మీద ముడతలు సమంగా లేకపోవడం మామూలు పిల్లల్లోనూ చూస్తాం, దాన్నొక్కదాన్నే పట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డ తల నడిమిన ఉండాలి. నీ పాపకు ఏటీఎన్ఆర్ ఉందన్నావు కదా. తల కుడికి తిరిగి ఉంటే రెండువైపులా కండరాల బిగువు ఒకేలా ఉండదు. ఆ స్థితిలో తీసిన కొలతలో ఎడమ, కుడి తేడా కీలుదా, మెడదా అన్నది చెప్పలేం. వాళ్ళమ్మను తలవైపు కూర్చోబెట్టి, పాప ముఖానికి సూటిగా పైన ఏదైనా బొమ్మ పట్టుకోమను. తల నడిమిన ఉన్నప్పుడు కూడా ఎడమవైపు రాకపోతే, అది నిజమైన తేడా.

ప్రశ్నలపుట్ట:
ఒక్క మాట విడిగా. రిఫ్లెక్సుల పట్టిక వల్లెవేయడానికి మనం ఇచ్చేంత బరువు వాటికి లేదనిపిస్తుంది నాకు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే స్థితి) అనుమానం ఉన్న నెలలు నిండని పిల్లలకు, మూడు నుంచి ఐదు నెలల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి కొద్ది నిమిషాల వీడియో తీసి, ఫిడ్జెటీ కదలికలు, అంటే ఒళ్ళంతా ఆగకుండా సాగే చిన్నచిన్న కదలికలు, ఉన్నాయో లేదో చూడడం మోరో కన్నా చాలా ఎక్కువ చెబుతుంది. దానితోపాటు పసిపిల్లల నరాల పనితీరు చూసే హామర్‌స్మిత్ పరీక్ష, 26 అంశాలు, మొత్తం 78 మార్కులు, రెండు నెలల నుంచి రెండేళ్ళ దాకా. ఈ రెండూ నేర్చుకోకుండా రిఫ్లెక్సులతోనే ఆగిపోతే బిడ్డకు నష్టం.

పాతగోనియో:
ఆ రెండూ నేర్చుకోవాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ మోరోలో, పట్టులో ఎడమ కుడి తేడా ఉందా అని చూడడం మానొద్దు. ఏడాది లోపే బిడ్డ ఒకే చేత్తో అన్నీ అందుకుంటుంటే అది ముచ్చట కాదు, రెండో చేతిని చూడమని హెచ్చరిక. అలాంటివి చేత్తో ముట్టుకుంటేనే దొరుకుతాయి.

చిన్నిపాదం:
విద్యార్థిని. అడుగుల రిఫ్లెక్స్ (నిలబెట్టి పట్టుకుంటే నడిచినట్టు కాళ్ళు కదపడం) రెండు నెలలకు పోతుందని రాసుకున్నాం, మెదడు ఎదిగి దాన్ని అణచేస్తుందని. అది నిజమేనా?

బుజ్జిఅడుగులు:
అంత సూటిగా కాదమ్మా. ఎస్తర్ థీలెన్ బృందం 1984లో చూపించింది ఇది: అడుగులు తగ్గిపోతున్న పిల్లల్ని ఛాతీ దాకా నీళ్ళలో నిలబెడితే మళ్ళీ అడుగులు పెరిగాయి. కాళ్ళలో కొవ్వు పెరిగినంత వేగంగా బలం పెరగక, ఎత్తలేక ఆగిపోయాయన్నమాట. రిఫ్లెక్స్ కనిపించలేదంటే నరాల మాట ఒక్కటే కాదు, కాలి బరువు కూడా చూడాలి.

కొత్తచేయి:
పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను.

మర్నాడే పిలిపించాను. పాలు తాగి గంట దాటాక, నవ్వుతున్నప్పుడు మొదలుపెట్టాను. తల నడిమిన పెట్టి రెండు తుంటులూ కలిపి విడదీస్తే కుడివైపు దాదాపు 75 డిగ్రీలు వచ్చింది, ఎడమవైపు 50 దగ్గర ఆగిపోయింది. ఏడుపు లేదు, బిగువు లేదు, అయినా ఆగిపోయింది. మోకాలిచిప్పలు పైకి తిప్పి చూస్తే కాళ్ళ వంపు రెండువైపులా సమానం, వయసుకు తగ్గట్టే ఉంది. పాదాలు వేలితో నెడితే నిటారయ్యాయి. వీడియోలో ఫిడ్జెటీ కదలికలు బాగా ఉన్నాయి.

అదే రోజు పిల్లల ఎముకల డాక్టరుగారికి చీటీ రాశాను. అల్ట్రాసౌండ్‌లో ఎడమ తుంటి గిన్నె (తొడ ఎముక కూర్చునే చోటు) లోతు తక్కువగా ఉందని తేలింది. తుంటిని ముడిచి, విడదీసి ఉంచే పావ్లిక్ పట్టీలు వేశారు. ఫైలులో నా పాత వాక్యం మీద గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టి సరిదిద్దాను. వాళ్ళమ్మకు కూడా నేను ముందు పొరపాటుగా రాశానని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

పాతగోనియో:
మంచి పని చేశావమ్మా. పట్టీలు ఉన్నన్ని రోజులూ వచ్చిన ప్రతిసారీ మోకాలు చాచి తన్నుతోందో లేదో చూడు. తుంటి ఎక్కువ ముడిచి కట్టేస్తే తొడ నరం నొక్కుకుపోయి తన్నడం ఆగిపోతుంది. అలా ఆగితే ఆ రోజే ఫోన్ చెయ్యి.

కొత్తచేయి:
ఈరోజు వచ్చారు సర్. రెండు కాళ్ళతోనూ తన్నుతోంది. ఎడమ కాలితో నా కోణాలు కొలిచే గోనియోమీటర్‌ని కింద పడేసింది.