సమస్యాపూరణం: చిల్లుపడిన కతన చెలువు పెరిగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

చిల్లుపడిన కతన చెలువు పెరిగె

యతి చి–చె. కుండకు చిల్లుపడినా, కోకకు చిల్లుపడినా పనికిరావు. మరి అందం పెరగడమెలా? పూరణ డోనట్టు మీదే ఉండాలి. పద్యంలో చెప్పిన పని వంటింట్లోనూ సరిపోవాలి. ఒక సూచన: 'డోనట్టు' తగణం, సూర్యగణాల్లో ఎలా విరిచినా ఇమడదు. ఒకటో పాదంలోనో మూడో పాదంలోనో చివరి రెండు గణాల చోటే దానికి దిక్కు.

పూర్ణంబూరె:
పొరలు పొరలు విచ్చి పొంగిన డోనట్టు
పచ్చిదనము లేక పక్వమయ్యె
వేడి నూనె తగిలి వెలుపల నడుమను
చిల్లుపడిన కతన చెలువు పెరిగె

నిర్వాహకుడు:
గణాలు, యతులు నిర్దోషం. చిల్లు అలంకారం కాదు, పచ్చి పోవడానికేనని పట్టుకున్నారు, అదే అసలు విషయం. ముద్దగా వేస్తే పైన నల్లబడేసరికి నడుమ పిండి పిండిగానే ఉంటుంది. 1847లో ఆ చిల్లు తానే పెట్టానని అమెరికా నావికుడు హాన్సన్ గ్రెగరీ చెప్పుకున్నదీ ఈ బాధ తప్పించడానికే.

కానీ 'పొరలు పొరలు' ఒప్పుకోను. పొరలుండేది క్రోనట్‌కి. న్యూయార్క్‌లో డొమినిక్ అన్సెల్ 2013లో తెచ్చిన ఆ రకంలో వెన్న మడతలు వేస్తారు. ఈస్ట్ డోనట్టు కోసి చూస్తే పొరలు కాదు, సాలెగూడులాంటి గుల్ల కనిపించాలి. అందుకని:

పులిసి గుల్లబారి పొంగిన డోనట్టు

యతి పు–పొ చెల్లుతుంది.

మైదాపిండి:
ఆ గుల్ల రావాలంటే కొలతలు ఇవి. మైదా 500 గ్రాములు, డ్రై ఈస్ట్ 7, పంచదార 60, వెన్న 60, గోరువెచ్చని పాలు 240 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు. మన మైదా కొన్ని రకాలు పాలు తక్కువ పీలుస్తాయి, 30 మిల్లీలీటర్లు ఆపి చివర్లో చూసుకుని పోయండి. పిండి చిన్న ముద్దను వేళ్లతో సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుగు కనిపించేదాకా పిసకాలి. రెట్టింపయ్యాక 12 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, 8 సెంటీమీటర్ల వలయానికి 2.5 సెంటీమీటర్ల చిల్లు కోయాలి. చిల్లు అంతకన్నా చిన్నదైతే పులిసేటప్పుడు సగం, నూనెలో మిగతా సగం పూడిపోతుంది. అప్పుడు చెలువూ లేదు, ఉడుకూ లేదు.

కోశాక మళ్లీ 35–40 నిమిషాలు పొంగనివ్వాలి. వేలితో తాకితే గుంట నెమ్మదిగా, సగమే తేరుకోవాలి. వెంటనే తేరుకుంటే ఇంకా ఆగాలి. అసలు తేరుకోకపోతే ఆలస్యమైనట్టే, నూనెలోంచి తీయగానే ముడతలు పడి కూలిపోతుంది. నూనె 175–180 డిగ్రీలు, ఒక్కో వైపు నిమిషం పైచిలుకు. 165 దిగితే నూనె తాగుతుంది, 190 దాటితే పైన మాడి లోపల పచ్చి.

కొబ్బరాకు:
చల్లబడిన పిదప జామును లోనికి
సన్న గొట్టమొకటి పక్క గుచ్చి
నిండుగాను నింప నిగనిగ డోనట్టు
చిల్లుపడిన కతన చెలువు పెరిగె

నిర్వాహకుడు:
చిల్లును నడుమ నుంచి పక్కకు జరిపారు, చాలా బాగుంది. రెండో పాదంలో స–ప యతి చెల్లదు. 'పట్టి గొట్టమొకటి పక్క గుచ్చి' అంటే సరి.

'చల్లబడిన పిదప' అన్నమాట బంగారం. వేడి మీద కస్టర్డ్ నింపితే జారిపోతుంది, లోపలి ఆవిరికి పిండి తడిసి ముద్దవుతుంది. గొట్టం కొనతో లోపల అటూ ఇటూ కదిపి ముందు చోటు చేయాలి. 60 గ్రాముల డోనట్టుకు 30–40 గ్రాములు చాలు, ఎక్కువైతే గుచ్చిన చోటే చీలుతుంది.

మైదాపిండి:
న్యూయార్క్ గ్రాండ్ స్ట్రీట్‌లోని డోనట్ ప్లాంట్‌లో రెండు చిల్లులూ కలిసిన రకం దొరుకుతుంది. నలుచదరంగా ఉండి, నడుమ చిల్లు ఉంటూనే చుట్టూ నాలుగు వైపులా జామ్ నిండి ఉంటుంది. ఏ మూల కొరికినా జామ్ తగులుతుంది. అక్కడికెళ్లే మనవాళ్లు కొరకకుండా కోసి చూడండి. ఏ నగరం బేకరీలోనైనా అంతే: పక్కన చుట్టూ తెల్లని పట్టీ ఉంటే బాగా పొంగి నూనె మీద తేలినట్టు. కింద కాగితం నూనెతో పారదర్శకమైతే నూనె వేడి తగ్గినట్టు.

పూర్ణంబూరె:
గారె నడుమ వేలు గట్టిగా నొక్కిన
లోన దాక వేగి లోటు తీరు
అదియె కిటుకు గాదె యమెరికా డోనట్టు
చిల్లుపడిన కతన చెలువు పెరిగె

నిర్వాహకుడు:
గారెనీ దాన్నీ ఒకే సూత్రంతో కలిపారు, నాకు నచ్చిన పూరణ ఇదే. అ–య యతి సరే. 'గట్టిగా నొక్కిన' మాత్రం తప్పు. రుబ్బినప్పుడు పిండిలో చేరిన గాలి గట్టిగా నొక్కితే పోతుంది, గారె బండబారుతుంది. తడి వేలు తేలిగ్గా ఆనిస్తే చాలు:

గారె నడుమ తడిపి కాస్తంత వేలొత్త

డోనట్టుకైతే ఆ వేలు కూడా వద్దు. చిల్లు రెండోసారి పొంగకముందే కోసెయ్యాలి, పొంగాక గుచ్చితే వలయం ఒకవైపు కూలిపోతుంది.

వచ్చే వారానికి తేటగీతి పాదం:

ఉప్పు లేనిదె తీపికి నొప్పదనిరి

500 గ్రాముల మైదాకు 8 గ్రాముల ఉప్పు లెక్క. అది రుచికే కాదు, ఈస్ట్ వేగాన్నీ అదుపు చేస్తుంది. పద్యంలో ఆ రెండో పనిని చూపించిన వారికి ముందు పీట.