పెదవాల్తేరులో 1968 నాటి ఇల్లు, ఇనుప కిటికీలు: బాగుచేయించాలా, యూపీవీసీ వేయించాలా?

డాబాఇల్లు68:
నాన్నగారు 1968లో కట్టించిన డాబా. కిటికీలన్నీ ఇనుప ఫ్రేములే, బయటికి తెరుచుకునే రెక్కలు. సముద్రం వైపువి నాలుగు బాగా తుప్పు పట్టాయి. కింది కమ్మీ పొరలుగా లేచిపోతోంది, రెండు అద్దాలు ఎవరూ ముట్టుకోకుండానే పగిలాయి. మిగతావి గట్టిగానే ఉన్నాయి కానీ సరిగ్గా మూతపడవు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల) వాళ్లు వచ్చి కొలతలు తీసుకెళ్లారు. మేస్త్రీ మాత్రం ఈ రకం ఇనుము ఇప్పుడు దొరకదు, తీయించకండి అంటున్నాడు. వైజాగ్‌లో ఎవరైనా బాగుచేయించుకుని ఉంటే చెప్పండి.

ఉప్పుగాలి:
తీయించకండి. ఓడలకు పెయింటు వేయించే పనిలోనే రిటైరయ్యాను, ఉప్పు సంగతి నాకు తెలుసు. ఇనుము తుప్పుగా మారితే అంతకు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. మీ కింది కమ్మీలో లప్పం వెనక నీళ్లు నిలిచాయి, తుప్పు ఉబ్బి అద్దాన్ని నెట్టింది, జరగడానికి చోటు లేక అద్దం పగిలింది. రెక్కలు పడకపోవడానికి కారణం తుప్పు కాదు, ఇన్నేళ్ల పెయింటు. పాతది గీకకుండా దాని మీదే వేసుకుంటూ పోయుంటారు. గీకిస్తే పడతాయి. సుత్తితో కొట్టి మూయకండి, బందులు వంగిపోతాయి.

పని ఇలా చేయించండి. ముందు మంచినీళ్లతో కడగాలి. మన ఊళ్లో ఏ పెయింటరూ ఈ పని చేయడు. ఉప్పు పోకుండా ప్రైమర్ వేస్తే అది పెయింటు కిందే ఉండిపోతుంది, కొన్నాళ్లకే బొబ్బలు లేస్తాయి. ఆరాక ఇనుము మెరిసేదాకా గీకి, అదే రోజు ప్రైమర్ పడాలి. మన తేమకి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. అందుకే జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి, అంచులకు ముందే విడిగా ఒక చేయి వేయించండి. కొత్త లప్పం గట్టిపడ్డాక వేసే పెయింటు అద్దం మీదికి 2 మిల్లీమీటర్లు ఎక్కాలి. పెయింటర్లు నీటుగా ఉండాలని ఆ అంచు బ్లేడుతో గీకేస్తారు. గీకనివ్వకండి, నీళ్లు లప్పం వెనక్కి దిగకుండా ఆపేది అదే.

ఎంవీపీరావు:
ఓడకు చేసే పనులు ఇంటికి చెప్తే ఎలా సార్? మా ఇంట్లోవీ ఇవే కిటికీలు. గీకించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు కోటింగులు, పైన ఎనామెల్ వేయించాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను రోజు ఒక రెక్క ఊడి పక్కింటాయన స్కూటర్ మీద పడింది. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. తర్వాత యూపీవీసీ వేయించాను, తుప్పు అన్న మాటే మర్చిపోయాను.

ఉప్పుగాలి:
రెడ్ ఆక్సైడ్ వేయించానని మీరే చెప్తున్నారు. బీచ్‌కి అంత దగ్గర్లో అది చాలదు.

గాజువాకబాబు:
మా గేటుకి రెడ్ ఆక్సైడే. బ్రహ్మాండంగా ఉంది.

ఉప్పుగాలి:
బాబూ, మీ గేటు సముద్రానికి ఎంత దూరం?

ఎంవీపీరావు:
రెక్క ఊడింది రెడ్ ఆక్సైడ్ వల్లనా? కాస్త ఆలోచించి మాట్లాడండి.

ఉప్పుగాలి:
కాదు. బందు పిన్ను అరిగి ఉంటుంది, లేదా గడియ పెట్టి ఉండరు. ఆ రోజు తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్లింది. ముందు ఒకవైపు నుంచి కొట్టిన గాలి తర్వాత రెండో వైపు నుంచి కొట్టింది. మధ్యలో గాలి ఆగినప్పుడు తుఫాను అయిపోయిందని తలుపులు తీసినవాళ్లు ఎంతమందో! మీ ఇంట్లో ఎవరు తీశారో కనుక్కోండి.

ఎంవీపీరావు:
మా ఇంట్లో వాళ్ల జోలికి రాకండి.

కిర్లంపూడిరోడ్డు:
ఒక్క మాట. స్లైడింగ్ వేయిస్తే కిటికీ సగమే తెరుచుకుంటుంది. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రోజుల్లో మా ఇంట్లో అది బాగా తెలిసొచ్చింది. యూపీవీసీ అయినా రెక్కల రకమే అడగండి. ఇంకోటి, మేస్త్రీ చెప్పింది పూర్తిగా నిజం కాదు. ఈ ఫ్రేములకు వాడే జెడ్ సెక్షన్లు (జెడ్ ఆకారపు ఇనుప కమ్మీలు) ఇప్పటికీ తయారవుతున్నాయి, ఇలాంటి ఇనుప కిటికీలకు ఐఎస్ 1038 అని ఓ స్టాండర్డే ఉంది. కాకపోతే ఒకటీ అరా కోసం తెప్పించడం కష్టం.

ఎంవీపీరావు:
తయారైతే ఏం లాభం? ఇంగ్లండులో ఈ కిటికీలను జింక్‌లో ముంచి ఇస్తారట, మనకు ఆ రోజుల్లో వచ్చినవి ఎక్కువగా ఉత్త ఇనుమే. ఇప్పుడు ముంచాలంటే ఫ్రేము గోడలోంచి తీయాలి. దాని లగ్గులు (ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప ముక్కలు) సిమెంటులో పాతేసి ఉంటాయి, తీస్తే ప్లాస్టరింగు మొత్తం ఊడుతుంది. తీయకుండా చేస్తే ప్రతి రెండేళ్లకీ ఇదే తంతు. ప్రతి రెండేళ్లకీ పెయింటర్ కోసం తిరిగిన మనిషిగా చెప్తున్నాను. ఒకడు అడ్వాన్సు తీసుకుని ఒక్క కిటికీ గీకి మాయమయ్యాడు. వర్షాకాలమంతా ఆ కిటికీకి ప్లాస్టిక్ షీటు కట్టుకుని ఉన్నాం.

ఉప్పుగాలి:
యూపీవీసీ లోపల గట్టిదనానికి పెట్టేదీ ఇనుమే. హ్యాండిల్, బందులు, స్క్రూలు కూడా లోహమే. కంపెనీవాడు అవి చూపించడు.

ఎంవీపీరావు:
నా స్క్రూలు బాగానే ఉన్నాయి.

ఉప్పుగాలి:
ఒకటి విప్పి చూడండి.

వంటింటికిటికీ:
ఇంతమంది రాశారు, దుమ్ము గురించి ఒక్కరూ రాయలేదు. ఆ కాలం పెయింట్లలో సీసం కలిపేవారు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. పొడిగా గీకితే ఆ పొడి వంట గిన్నెల మీద, పిల్లల మంచం మీద పడుతుంది. తడిపి గీకించండి, కింద పట్టా పరచండి, ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి.

ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఏడాదికోసారి వీటిని కడిగేది ఎవరు? బందులకు నూనె వేసేది ఎవరు? మా మామగారికి ఇలాంటి కిటికీలంటే ప్రాణం. ఆయన పడక్కుర్చీలో కూర్చుని చెప్తుంటే స్టూలెక్కి తుడిచింది నేను.

ఉప్పుగాలి:
అమ్మా, నా ఇంట్లో నేనే తుడిచేవాణ్ణి.

ఎంవీపీరావు:
ఏ ఇల్లు? మీ ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశామని పాత చర్చలో మీరే రాశారు. మీ కిటికీలు ఏ పాత ఇనుప సామాను కొట్టుకో వెళ్లిపోయాయి. మీరు నిలబెట్టుకోలేనివి ఆయన నిలబెట్టాలా?

గాజువాకబాబు:
ఏటి సార్ ఇది, కిటికీల కాడికి ఇంత గొడవా.

ఉప్పుగాలి:
అవును, ఇచ్చాం. ఇద్దరు అన్నదమ్ములు సంతకం పెట్టాక మూడోవాడు ఏం చేస్తాడు? బీచ్ రోడ్డు చుట్టుపక్కల డాబా ఇళ్లన్నీ ఇలాగే పోతున్నాయి. ముందు కిటికీలు పాడయ్యాయంటారు, తర్వాత స్లాబు కారుతోందంటారు, ఆ తర్వాత బిల్డర్‌ని పిలుస్తారు. నా బాధ కిటికీ గురించి కాదు.

ఎంవీపీరావు:
ఆ మాట మొదటే చెప్పాల్సింది. నాకూ ఆ ఇళ్లంటే ఇష్టమే. కానీ ఇష్టం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయితేనే ఒళ్లు మండుతుంది. మా అమ్మకు డెబ్బై దాటాక ఆ గడియలు వేసేసరికి చేతులు నొప్పెట్టేవి. అసలు ప్రశ్న వేసినాయన ఆ ఇంట్లో ఉంటున్నారా? అది ఎవరూ అడగలేదు.

డాబాఇల్లు68:
ఉండటం లేదండి. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఆ ఇంట్లో అమ్మ, అక్క ఉంటారు. బిల్డర్ అడుగుతున్న మాటా నిజమే, అమ్మ ఉన్నంతవరకు ఇవ్వకూడదనుకున్నాం. ఈ చర్చంతా అక్కకు పంపాను. "చదివాను. ముందు నాకు వంటింటి కిటికీ రాత్రిపూట పడేలా చెయ్యండి, ఆ తర్వాత ఎంతైనా కొట్టుకోండి" అంది.

వంటింటికిటికీ:
మీ అక్కయ్యగారికి నా నమస్కారాలు.

డాబాఇల్లు68:
వంటింటికి, అమ్మ గదికి యూపీవీసీ వేయిస్తున్నాం, రెక్కల రకమే. సముద్రం వైపువి నాలుగూ కింది కమ్మీ కోసి కొత్తది వెల్డింగ్ చేయిస్తాం. మిగతావి తడిపి గీకించి బందులకు నూనె వేయిస్తే చాలనుకుంటున్నాం. ఏడాదికోసారి కడగడానికి మనిషిని పెట్టి డబ్బు నేను పంపుతాను. ఈ చిన్న పనికి వచ్చే వెల్డర్ ఎక్కడ దొరుకుతాడు?

ఉప్పుగాలి:
వెల్డింగ్‌కి ముందు అద్దం తీయించండి, నిప్పురవ్వలు పడితే గాజు మీద మచ్చలు పోవు. అతుకు వేసిన చోట ఎపాక్సీ.

ఎంవీపీరావు:
రెడ్ ఆక్సైడ్ కూడా పనికొస్తుంది.

గాజువాకబాబు:
కంచరపాలెం వైపు గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్లలో అడగండి సార్. అడుగు లెక్క ఒప్పుకోకండి, రోజు కూలీ మాట్లాడుకోండి. మీ అక్కగారినే దగ్గరుండి చూసుకోమనండి.