తినగ తినగ వేము: ‘తియ్యనుండు’నా, ‘తియ్యగనుండు’నా?

ప్రశ్న (అనంతపురం నుంచి)
బడి గోడ మీద రాసిన వేమన పద్యం ఇది:

అనగ ననగ రాగ మతిశయిల్లుచు నుండు
తినగ తినగ వేము తియ్యగనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

కొన్ని పుస్తకాల్లో రెండో పాదం ‘తియ్యనుండు’ అని ఉంది. ఏది సరి? ఇంకోటి. ‘సాధనమున’ అంటే పనిముట్లతో అనీ, ‘ధరలోన’ అంటే రేటులో అనీ పిల్లలు అర్థం రాస్తాండారు. వాళ్లకు ఎట్లా విడమరిచి చెప్పాల?

జవాబు (కడప)
‘తియ్యనుండు’ సరి సార్. ఛందస్సే సాక్ష్యం. ఇది ఆటవెలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రెండు: నగణం (మూడు లఘువులు), హగణం (గురువు, లఘువు). లఘువంటే పొట్టిగా పలికే అక్షరం, గురువంటే సాగదీసో ఊనిచ్చో పలికేది. రెండో పాదాన్ని విడగొట్టి చూడండి: తినగ - తినగ - వేము - తియ్య - నుండు. సరిగ్గా ఐదు. అదే ‘తియ్యగనుండు’ అంటే ‘తియ్య’ తర్వాత ‘గనుండు’ మిగులుతుంది. లఘువు, గురువు, లఘువు. అది జగణం, సూర్యగణం కాదు.

పొరపాటు ఎందుకు వస్తుందంటే, ఇప్పుడు మనం ‘తియ్యగా ఉంది’ అంటాం. ‘చల్లన, తెల్లన, కమ్మన’ లాగా ‘తియ్యన’ అనే మాట వాడుకలో తగ్గింది. అందుకే నోరు తనకు తెలిసిన ‘గ’ను తెచ్చి ఇరికిస్తుంది.

‘పాడగ’ అనకుండా ‘అనగ’ అనడానికీ కారణం ఉంది. ‘పాడగ’ భగణం, సూర్యగణాల చోట కుదరదు. పైగా ‘అనగ’లోని అకారానికి ‘రాగము + అతిశయిల్లు’లోని అకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడు) చక్కగా పడింది. ‘వేప’ అన్నా గణం సరిపోయేదే గానీ, ‘వేము’ అన్నందువల్ల నాలుగో పాదం చివరి ‘వేమ’తో చెవికి ఒక జత కుదిరింది.

జవాబు (ప్రొద్దుటూరు)
అర్థం సంగతి. సంస్కృతంలో ‘సాధనం’ అంటే సాధించడమూ, సాధించడానికి వాడే వస్తువూ రెండూ. ఇప్పటి తెలుగులో ఈ రెంటినీ విడదీసుకున్నాం: అభ్యాసమైతే ‘సాధన’, పనిముట్టయితే ‘సాధనం’. పిల్లల తప్పు అక్కడి నుంచే వచ్చింది. చివరి ‘న’ ఇక్కడ ‘చేత, వల్ల’ అనే అర్థంలో ఉంది, ‘బాణమున కూల్చె’ అన్నట్టు. ‘ధర’ అంటే భూమి.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ‘సమకూరు’ గురించి. గోడల మీద ఈ పద్యం కింద ‘పట్టుదలతో లక్ష్యాన్ని సాధించు’ అని రాస్తుంటారు. పద్యంలో ‘సాధించు’ లేదు. ‘సమకూర్చు’ కూడా లేదు, అది మనం చేసే పని. ‘సమకూరు’ అకర్మకం, తనంతట తాను కుదిరేది. వరుస చూడండి: మొదట రాగం పెరిగింది, తర్వాత చేదు తీపయింది, ఆపైనే పనులు కుదిరాయి. వేపాకు మారదు, తినేవాడి నాలుక మారుతుంది. మనిషి మారినాకనే పని కుదురుతుందని ఆ క్రమమే చెబుతోంది. ఫలితాన్ని ముందే గుప్పిట పట్టుకొమ్మని చెప్పే పద్యం కాదిది.

జవాబు (ఆదోని)
ఒక సందేహమన్నా. ‘తినగా తినగా గారెలు చేదు’ అనే సామెత ఉంది గదా? ఇది దానికి ఎదురు కాదా?

జవాబు (ప్రొద్దుటూరు)
మంచి ప్రశ్న. రెండూ నాలుక అలవాటు గురించే. రోజూ అవే వడలు పెడితే రుచి మొద్దుబారుతుంది. వేపపుల్ల నమిలేవాడికి మొదటిరోజు బెరడు చేదుకు ముఖమంతా ముడుచుకుంటుంది, కొన్నాళ్లకు ఆ చేదు పట్టించుకోడు. తీపితో మొదలైంది వెగటవుతుంది, చేదుతో మొదలైంది ఇష్టమవుతుంది. అందుకే కవి సాధనకు పోలికగా గారెను తీసుకోలేదు. కొత్త పని మొదటి వారం ఉత్సాహంగా ఉందా లేదా అని తూచడం ఈ లెక్కన తప్పు తూకం.

జవాబు (కడప)
ఇంకో సామెత కూడా పక్కన పెట్టుకోవాల: ‘పాడగా పాడగా రాగం, మూల్గగా మూల్గగా రోగం’. మళ్లీ మళ్లీ చేస్తే తప్పు కూడా గట్టిపడుతుంది. సంగీతం నేర్చేవాళ్లకు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (తొలి స్వరపాఠాలు) ముందు మొదటి కాలంలో, నిదానంగా పాడిస్తారు. రెండో కాలం, మూడో కాలం ఆ తర్వాతే. శ్రుతి తప్పిన స్వరాన్ని వేగంగా వందసార్లు పాడితే గొంతుకు ఆ తప్పే అలవాటవుతుంది.

‘తియ్యగనుండు’ నోటికి పట్టిన పిల్లలకూ అదే పద్ధతి. మొత్తం పద్యం చెప్పించొద్దు. రెండో పాదం ఒక్కటే, గణానికో చప్పట చొప్పున ఐదు చప్పట్లు, నిదానంగా పదిసార్లు. ‘గ’ వచ్చిందంటే చప్పట్ల లెక్క తప్పుతుంది, వాళ్లకే తెలిసిపోతుంది. ఆ తర్వాత మొదటి పాదం చివరి ‘చు నుండు’ నుంచి అందుకొని రెండో పాదంలోకి రమ్మనాల. తడబడేది ఆ అతుకు దగ్గరే. చివరికి పద్యమంతా.

జవాబు (ఆదోని)
‘సాధించు’ మాట వచ్చింది గాబట్టి. ‘అత్త కోడల్ని సాధిస్తాంది’ అంటే సతాయిస్తోందని. సాధింపులు అన్నా అదే. రెండు అర్థాల్లోనూ వదలకుండా వెంటపడడం ఉంది. ‘పట్టు’ కూడా ఇట్లాంటి మాటే. వేమనదే ఇంకో పద్యంలోని ‘పట్టి విడుచుకన్న’ పాదాన్ని అందరూ చెప్తారు గానీ, ఆ పద్యం మొదలయ్యేది ‘పట్టుపట్టరాదు’ అని. ఏది పట్టాలో ముందు చూసుకోమని ఆ మొదటి మాట. దాన్ని వదిలేస్తే మిగిలేది మొండితనమే.

ప్రశ్న (అనంతపురం నుంచి)
అందరికీ నమస్కారం. గోడకు మళ్లీ రంగు వేసేటప్పుడు ‘గ’ తీయిస్తాం. మొదటి పాదంలో ‘రాగమతిశయిల్లు’ అని కలిపి రాయించాలా, ‘రాగ మతిశయిల్లు’ అని విడగొట్టాలా?

జవాబు (కడప)
విడగొట్టే రాయించండి సార్. ‘మ’ దగ్గర నాలుగో గణం మొదలవుతుంది, యతి కూడా అక్కడే. పిల్లలు ఆగాల్సిన చోటు కంటికి కనబడుతుంది. అర్థం చెప్పేటప్పుడు మాత్రం ‘రాగము అతిశయిల్లు’ అని విడదీసి చెప్పండి, లేకుంటే ‘మతి’ని పట్టుకొని బుద్ధి అని రాస్తారు.