నార్టన్ కమాండో 850: ఐడిల్‌లో వణుకు, వంపుల్లో ఊగిసలాట

ప్రశ్న:
ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఈమధ్యే 1974 నాటి నార్టన్ కమాండో 850 మోటార్‌సైకిల్ కొన్నాను. ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజన్ నడుస్తుండగా, ముందు చక్రంతో సహా బండంతా వణుకుతుంది. వేగం అందుకున్నాక వణుకు పోతుంది గానీ, గంటకు 60 మైళ్ల మీద వంపు తిరిగితే వెనక భాగం అటూ ఇటూ ఊగుతోంది. ఇంజన్ బోల్టులన్నీ గట్టిగా బిగిస్తే సరిపోతుందని ఒక మెకానిక్ అన్నారు. నిజమేనా?

జవాబు:
కాదండీ. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సంగతులు. ఐడిల్‌లో వణకడం ఆ బండి స్వభావం. ఊగడం మాత్రం లోపం, దాన్ని వదిలేయకూడదు.

ఆ ఇంజన్‌లో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి వెళతాయి. క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ప్రతి చుట్టుకూ ఒక పేలుడు చొప్పున సమంగా పడుతుంది, అది లాభమే. కానీ బ్యాలెన్సు విషయంలో అది పెద్ద సింగిల్ సిలిండర్‌తో సమానం. క్రాంకుకు ఎంత ప్రతిభారం పెట్టినా నిలువు అదురు కొంత అడ్డంగా మారుతుందే తప్ప పోదు. నార్టన్ కోసం బెర్ట్ హాప్‌వుడ్ గీసిన 500 సీసీ డామినేటర్ ఇంజన్ సాగిసాగి 745 సీసీకి చేరేసరికి ఆ అదురు భరించరానిదైంది. అందుకే 1967లో కమాండో తెచ్చినప్పుడు ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగింగ్ ఆర్మ్ మూడింటినీ ఒకే కట్టగా చేసి రబ్బరు మీద వేలాడదీశారు. ఐసోలాస్టిక్ అంటే ఇదే. అదురును ఆపలేక దానికి ఆడుకునే చోటిచ్చారు. నా దృష్టిలో ఇది రాజీయే, కానీ తెలివైన రాజీ.

చిక్కల్లా వెనక చక్రం కూడా ఆ కట్టతోనే ఉండటం. ఇంజన్ పైకీ కిందికీ కదలాలి, పక్కకు కదలకూడదు. ఆ పక్క సందు 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. అది పెరిగితే మీరన్న ఊగిసలాటే వస్తుంది. మరీ తగ్గిస్తే అదురంతా ఫ్రేములోకి ఎక్కుతుంది. ముందూ వెనకా మౌంటింగుల రబ్బరు తొడుగు జరిపి, ఇంజన్‌ను ఒక పక్కకు నెట్టి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చని రేకులు) కొలవండి. మీ బండిలో ఈ సందును నిర్ణయించేవి షిమ్ములనే పల్చని లోహపు బిళ్లలు, కాబట్టి బోల్టు ఎంత బిగించినా అది మారదు. మరతిప్పి సర్దుకునే వీలు 1975 నాటి మార్క్ 3 మోడల్‌తో వచ్చింది.

మరొకరు:
స్వింగింగ్ ఆర్మ్ ఇరుసు అరిగిందేమో కూడా చూడండి. దానికి వేయాల్సింది గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిల్. సిలిండర్ హెడ్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే స్టెడీ పగిలినా ఇలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
వెనక మౌంటింగ్‌లో ముప్పావు మిల్లీమీటరు సందు ఉంది! షిమ్ములు తెప్పిస్తున్నాను. ఇంకొకటి: కొన్ని వారాలు ఆపి స్టార్ట్ చేస్తే పొగ కమ్మేస్తోంది.

జవాబు:
ఆయిల్ ట్యాంకులోని నూనె పంపు గుండా మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగుతోంది. స్టార్ట్ చేసే ముందు కింద ప్లగ్గు విప్పి ఆ నూనెను తీసేయండి. మరీ త్వరగా దిగుతుంటే పంపు విప్పి చూడాలి. నూనె పైపుకు కుళాయి బిగించమని కొందరు చెబుతారు. తెరవడం మరిచిన రోజు ఇంజన్ పోయినట్టే, నేనైతే పెట్టను.

ఇంకొకరు:
మా హైదరాబాద్‌లో కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఇలా వణకదు, ఎందుకు?

జవాబు:
అందులో క్రాంకు పిన్నులు 270 డిగ్రీల ఎడంలో ఉంటాయి, పైగా అదురును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది. కమాండోలో ఆ రెండూ లేవు.