ఒకటో తరగతికి జూన్‌లోనే కాపీ రాత కావాల్నా?

పరకాల పంతులు:
జూన్ 12న బళ్లు తెరిచినం. వారం తిరగకముందే ఒకటో తరగతి నోటుబుక్కులల్ల అ నుంచి అః దాకా పదేసి వరుసలు కనపడుతున్నయ్. ఋ, అం, అః కలిపితే 15 అక్షరాలు. పది వరుసలంటే 150. ఐదారేండ్ల పిల్లకు ఇది ఒక్క రాత్రి హోంవర్క్! నేననేది ఒక్కటే, మొదటి ఆరు వారాలు కాపీ రాత బంద్ పెట్టాలె.

ఎందుకంటే పిల్ల ఎట్ల రాస్తదో పక్కన కూసొని చూడుండ్రి. టీచర్ రాసిచ్చిన పై వరుసను చూసి రెండో వరుస రాస్తది. మూడోది రాసేటప్పుడు చూసేది రెండో వరుసనే, టీచర్ రాతను కాదు. రెండో వరుసల 'ఈ' కొంచెం వంకర పోతే పదో వరుసకు అది ఏ అక్షరమో మనకే తెల్వదు. అంటే తొమ్మిదిసార్లు తప్పే సాధన చేసింది. ఇంకొందరు అడ్డం రాయరు, నిలువుగ దిగుతరు. 'ఆ' అన్నిటికీ ముందు సగం గీతలు గీసుకుంట కిందికి వచ్చి, మళ్ల పైకెళ్లి తోకలు తగిలిస్తరు. వరుసలు నిండుతయ్, సంతకం పడతది. అక్షరం మాత్రం రాలే.

కేంద్రం ఎన్‌సీఈఆర్‌టీ 2021ల తెచ్చిన విద్యా ప్రవేశ్ అనే బడి సన్నాహక కార్యక్రమం కూడ ఒకటో తరగతి మొదట్ల 12 వారాలు ఆటపాటలే అంటది. నేను అండ్ల సగమే అడుగుతున్న.

హనుమకొండ హెచ్ఎం:
పంతులు గారూ, ఆరు వారాలంటే జూలై ఆఖరు. అప్పటికి ఎఫ్ఏ-1, అంటే ఏడాదిల మొదటి చిన్న పరీక్ష, నెత్తి మీద ఉంటది. అది పక్కన పెట్టినా, మీరు మాట్లాడేది అంగన్‌వాడీ నుంచి నేరుగ వచ్చిన పిల్లల గురించి. మా దగ్గర ఎల్‌కేజీ, యూకేజీ రెండేండ్లు రాసొచ్చిన పిల్లలే సగానికి ఎక్కువ. వాళ్లను ఆరు వారాలు మట్టిముద్దలతోని ఆడిస్తే తల్లిదండ్రులు టీసీ అడుగుతరు.

అసలు సంగతి ఇంకోటి ఉన్నది. బడిల రాపియ్యకపోతే పిల్ల రాయక ఊకుంటదా? ఇంటికాడ అన్న పుస్తకం చూసి, ట్యూషన్‌ల, ఎవరి ఎదుట పడితే వాళ్ల ఎదుట రాస్తనే ఉంటది. 'గ'ను కుడి నుంచి ఎడమకు గీసుడు అలవాటైతే ఆగస్టుల మార్చుడు కష్టం. చేతికి పట్టిన తోవ తొందరగ పోదు. అందుకే మొదటి వారం నుంచే మన కండ్ల ముందు రాపియ్యాలె, కాకపోతే తక్కువ. రోజుకు ఒక్కటే కొత్త అక్షరం, ఐదుసార్లు, పది నిమిషాలు. ఐదింట్ల ఏది బాగుందో పిల్లతోనే సున్న చుట్టియ్యాలె. 150 అక్షరాల రాతకు నేను వకాల్తా తీసుకుంట లేను. అసలు రాతే వద్దనేదానికి మాత్రం ఒప్పుకోను.

బలపం:
రాత జూన్‌లోనా, ఆగస్టులోనా అన్నదానికన్నా ఏ అక్షరంతో మొదలుపెడుతున్నారన్నది పెద్ద ప్రశ్న. అచ్చుల వరుసతో మొదలుపెడితే ఋ, ఔ లాంటివి రెండో వారంలోనే ఎదురవుతాయి. చేతికి కష్టమైనవి అవే, పిల్లల మాటల్లో దాదాపు కనిపించనివీ అవే.

పదాల నుంచి వచ్చే పద్ధతి చూడండి: అ, ర, క, ప, ల, గ, డ, త, వ, జ, ద. ఈ పదకొండు అక్షరాలకు ఒక సున్న తోడైతే చాలు, గుణింతం ఒక్కటి కూడా రాకుండానే అరక, పలక, గడప, తల, వల, జడ, దండ, గంప, కంప, తలగడ అన్నీ చదవచ్చు. అన్నీ ఇంట్లో, పొలంలో కనపడే వస్తువులే. వర్ణమాల వరుసను పాటలా నోటికి రానివ్వండి, ఇబ్బంది లేదు. చేతి వరుస వేరు, నోటి వరుస వేరు.

ఆకారం సంగతి. తలకట్టు లేని హల్లులు కొన్నే: ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ. మిగతావాటికి తలకట్టు ఉంటుంది. పిల్లలు అలవాటు కొద్దీ 'ల' మీద, 'జ' మీద కూడా తలకట్టు పెట్టేస్తారు. కొట్టేసి ఎర్ర గీత పెట్టకండి. "లకు టోపీ లేదు" అంటే నవ్వుతారు, గుర్తుంటుంది. తలకట్టు ఎప్పుడూ చివర పెట్టాలి. ముందే పెట్టి దాని కింద అక్షరం వేలాడదీస్తే వరుస పైకి ఎక్కిపోతుంది.

ద్విత్వాల దాకా పోనక్కర్లేదు, గుణింతం మొదలవగానే పెద్ద చిక్కు 'వు' దగ్గర వస్తుంది. మిగతా అక్షరాలకు కొమ్ము పక్కన తగులుతుంది: కు, గు, రు. ప, ఫ, వ లకు మాత్రం కిందికి దిగుతుంది. 'వ'కు కొమ్ము పక్కనే పెడితే అది 'మ' అయి కూర్చుంటుంది. "ఆవు" రాయమంటే "ఆమ" రాసిన పిల్లకు అక్షరం రాదని కాదు, కొమ్ము చోటు ఎవరూ చూపలేదని అర్థం. కాపీ రాతలో ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే ఎదురుగా బొమ్మ ఉంటుంది. చెప్పి రాయించినప్పుడే తెలుస్తుంది.

కాజీపేట అమ్మ:
సార్లూ, మేడమ్‌లూ, ఇదంతా బడి సంగతి. ఇంటికాడ తల్లులం ఏం చేయాలె? బడి "రాపియ్యండి" అంటది, ఇక్కడ చూస్తే "రాపియ్యకుండ్రి" అంటున్నరు. పలక కొనాల్నా, నోటుబుక్కు కొనాల్నా? పిల్ల చేతినొప్పి అంటే అది సాకా, నిజమా ఎట్ల తెలుసుకోవాలె?

పరకాల పంతులు:
అమ్మా, చేతినొప్పి సంగతి ముందు. పిల్ల రాసిన కాగితం తిప్పి వెనుక వేలితోని తడిమి చూడుండ్రి. గరుకుగ బొడిపెలు తగిలితే పెన్సిల్ మీద ఎక్కువ బలం పెడుతున్నదని లెక్క. నొప్పి నిజమే. బొటనవేలు చూపుడువేలి మీదికెక్కి పిడికిలి బిగిసిందా చూడుండ్రి. దీనికి మందు కొత్త పెన్సిల్ కాదు, అరిగిపోయిన ముక్క. రెండు మూడు అంగుళాల ముక్క ఇస్తే పిడికిలి పట్టుటానికి చోటే ఉండదు, మూడు వేళ్లే పడతయ్. కొత్త పెన్సిల్‌ను మూడు ముక్కలు చేసి చెక్కినా అంతే.

కాళ్లు చూడుండ్రి. కుర్చీల కూసుంటే కాళ్లు గాల్ల ఊగకూడదు, కింద ఇటుకనో పీటనో వెయ్యాలె. నేల మీద బోర్ల పండుకొని రాస్తే మెడ, భుజం గుంజుతయ్, కన్ను పుస్తకానికి మరీ దగ్గరైతది.

పలకే కొనుండ్రి. రాతి పలక దొరకకుంటే రేకుదైనా పర్వాలేదు, ప్లాస్టిక్‌ది మాత్రం జారుతది. కొంచెం గరుకు ఉంటేనే చేయి ఆగుతది, ఎక్కడికి పోతున్నదో వేలికి తెలుస్తది. పలకల ఇంకో లాభం, తప్పు ఉండదు. తుడిస్తే పోతది. నోటుబుక్కుల తప్పు ఏడాదంతా ఉంటది. పిల్ల బలపం నములుతుంటే తిట్టి ఊకోకుండ్రి. ఒంట్ల రక్తం తక్కువున్నా, కడుపుల పురుగులున్నా గట్ల చేస్తరు. డాక్టర్‌కు చూపెట్టుండ్రి, బడిల ఆల్బెండజోల్ గోలి ఇచ్చిన రోజు బడి మాన్పకుండ్రి.

చేయి పట్టుకొని రాపిచ్చుడు బాసరల అక్షరాభ్యాసం నాటికే సరి. అది శుభానికి. రోజూ గట్లనే చేస్తే గీత తిప్పేది మీ చేయి, పిల్ల చేయి ఊకె వెంట వస్తది. మీరు పలక మీద పెద్దగ రాసుండ్రి, పిల్ల దాని మీద వేలు పోనియ్యాలె, తడిగుడ్డతోని అదే తోవల తుడవాలె. ఆ తర్వాతనే బలపం.

ములుగు టీచరమ్మ:
మీ ఇద్దరి కొట్లాటల ఒక ముచ్చట తప్పిపోయింది. తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు ఒకటో తరగతిల కోయ పిల్లలు, లంబాడ పిల్లలు ఉంటరు. తండా పిల్లకు నీళ్లంటే 'పాణి'. "న అంటే నీళ్లు" అని బొమ్మ చూపెడితే ఆ పిల్ల 'ప' అనుకుంటది, తప్పు పిల్లది కాదు. బొమ్మ మీద అక్షరం నేర్పాలంటే ఆ బొమ్మకు పిల్ల ఇంటిల ఏం పేరున్నదో ముందు అడగాలె. అందుకే మా దిక్కు మొదటి నెల మాటే. రాత కాదు.

జూన్‌ల మొదటి వారమే పిల్లలందరికీ వచ్చి తీరాల్సిన మాటలు నాలుగైదు ఉన్నయ్: ఒంటికి, రెంటికి, నీళ్లు, ఆకలి, నొప్పి. ఇవి వాళ్ల భాషల ఎట్లంటరో గోడ మీద తెలుగు అక్షరాలల్లనే రాసి పెట్టుకోవాలె, పిల్లల కోసం కాదు, టీచర్ కోసం. "ఒంటికి" అనే మాట ఏ ఇంట్ల అనరు, అది బడి మాట. తెలుగు పిల్లలకే కొత్త. అడగటం రాక నిక్కరు తడిసిన పిల్ల తెల్లారి బడికి రాదు. తల్లులు కూడ హుక్కు నిక్కరు, బెల్టు పెట్టకుండ్రి, రబ్బరుదే తొడుగుండ్రి.

ఇక సర్కారు బడిల 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం, పుస్తకంల ఒక దిక్కు తెలుగు, ఇంకో దిక్కు ఇంగ్లిష్. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, తెలుగు వర్ణమాల యాభైకి పైన. వంద గుర్తులు దాటినయ్. తండా పిల్లకు రెండూ పరాయి భాషలే. ఎన్ని వారాలు ఆగాలె అనేది ఒక్క లెక్కతోని అందరికీ తేల్చుడు కుదరదు.

హనుమకొండ హెచ్ఎం:
మేడమ్ మాట ఒప్పుకుంట. కానీ కాపీ రాత ఎందుకు బతికి ఉన్నదో ఎవరూ చెప్తలేరు, నేనే చెప్త. విద్యా హక్కు చట్టం లెక్కల 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. ఒక సార్ నాలుగు, ఐదుకు లెక్కలు చెప్తుంటే, ఇంకో మేడమ్ మూడోదాన్ని పట్టుకుంటది. ఒకటో తరగతి ఏం చేయాలె? "పది వరుసలు రాయండి" అంటే అరగంట బడి నిశ్శబ్దం. అది చదువు కాదు, కాపలా. మీరు కాపీ రాత తీసేస్తే ఆ అరగంటల ఏం పెడతరో చెప్పుండ్రి. అది చెప్పకుండ బంద్ పెట్టమంటే ఒట్టి మాటే.

ములుగు టీచరమ్మ:
సరైన ప్రశ్న. టీచర్ చేయి పడకుండ అరగంట నడిచే పనులు ఉన్నయ్, ముందు రోజు సర్ది పెట్టుకోవాలె అంతే.

ఇసుక పళ్లెం: రేకు పళ్లెంల జల్లించిన పొడి ఇసుక, వేలి గోరంత మందం. ఎక్కువ పోస్తే గీసిన గీత కూలిపోతది, తడి ఉంటే ఉండలు కడతది. వాన మొదలైతే ఇసుక డబ్బల మూత పెట్టి దాచాలె. పక్కన ఒక అట్టముక్క మీద ఆ రోజు అక్షరం, ఏడ మొదలుపెట్టాల్నో ఎర్ర చుక్క. ఆ చుక్క లేకపోతే పెద్దలు లేని చోట పిల్ల తనకు తోచిన దిక్కు నుంచి గీస్తది. హెచ్ఎం సార్ భయపడేది అదే కదా.

చింతగింజల పని: పిల్లకు 20 గింజలు, మూతకు రంధ్రం పెట్టిన డబ్బ. బొటనవేలు, చూపుడువేలితోని ఒక్కొక్కటి పట్టి వేయాలె. చేతి పని, లెక్క పని రెండూ అయితయ్. ఒక్క జాగ్రత్త, మొదటి వారం గింజలు ఇయ్యకుండ్రి. ముక్కుల, చెవుల పెట్టుకునే పిల్ల ఎవరో తెలిసేదాకా సీసా మూతలతోని కానియ్యాలె.

ఇంకోటి పాత పేపర్ చింపుడు. గీసిన గీత మీద చింపాలె, అడ్డదిడ్డం కాదు. అరగంటల బడి చెత్త చెత్త అయితది, అయినా వేళ్లకు అంత మంచి పని ఇంకోటి లేదు.

బలపం:
ఎడమ చేతివాటం పిల్లలను బెంచీకి ఎడమ చివరన కూర్చోబెట్టండి. మధ్యలో కూర్చుంటే పక్క పిల్ల మోచేయి తగిలి ఇద్దరి రాతా పాడవుతుంది. పలక కాస్త కుడివైపు వంచి పెట్టుకోనివ్వాలి. చేయి మార్పించకండి.

కాజీపేట అమ్మ:
అర్థమైంది. ఇంకొకటి, సంచి బరువు? 1.5 కిలోలు అని విన్నం, హోంవర్క్ కూడ ఉండొద్దట కదా?

పరకాల పంతులు:
ఒకటి, రెండు తరగతులకు 1.5 కిలోలనే 2017 జూలైల రాష్ట్ర ఉత్తర్వు, 2018 నవంబర్‌ల కేంద్రం సర్క్యులర్ రెండూ చెప్పినయ్. ఈ రెండు తరగతులకు హోంవర్క్ వద్దని కేంద్రం సర్క్యులర్‌ల సాఫ్‌గ ఉన్నది. కానీ తక్కెడ తీసి చూడుండ్రి. ఖాళీ సంచే అరకిలో. అరలీటరు నీళ్లు ఇంకో అరకిలో, సీసా బరువు వేరే. అన్నం డబ్బ ఇంకింత. పుస్తకం పెట్టకముందే లెక్క దాటుతది. అందుకే ఒకటో తరగతి నోటుబుక్కులు బడిలనే ఉండాలె. ఇంటికి పోకపోతే హోంవర్క్ గొడవే లేదు.

హనుమకొండ హెచ్ఎం:
బడిల పెట్టుకుంటే తల్లిదండ్రులు "ఏం నేర్పుతున్నరు" అని అడుగుతరు, శనివారం ఒక్కనాడు పంపుత. ఇసుక పళ్లేలు మాత్రం సోమవారం పెట్టిస్త. కాపీ పుస్తకం పూర్తిగ మానను, పది వరుసలు రెండుకు దించుత. పంతులు గారికి ఇష్టం ఉన్నా లేకున్నా.

పరకాల పంతులు:
దించుండ్రి సార్. రెండో వరుస రాసేటప్పుడు మాత్రం పిల్ల రాసిన మొదటి వరుస మీద కాగితం ముక్క కప్పియ్యుండ్రి. పైన మీరు రాసిచ్చిన అక్షరం ఒక్కటే కనపడాలె.