‘ఉపరితల ఆవర్తనం’: నేల మీదా, నింగిలోనా?

టీచరమ్మ:
తెలుగు మీడియం ఎనిమిదో తరగతికి వాతావరణం పాఠం చెబుతున్నాను. పొరలు, వాయువులు, పీడనం బాగానే ఎక్కాయి. పాఠానికి తోడుగా ఉంటుందని పేపర్లో వచ్చే వాన కబురు కత్తిరించి తెమ్మన్నాను. తంటా అక్కడొచ్చింది. బంగాళాఖాతంలో సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉపరితల ఆవర్తనం ఉంది, అనే వరస వాక్యం మీకందరికీ తెలిసిందేగా. ఓ పిల్ల లేచి, “ఉపరితలం అంటే నేల పైభాగమే కదా టీచర్, మళ్లీ 5.8 కిలోమీటర్ల ఎత్తేంటి?” అంది. లెక్కల్లో ఉపరితల వైశాల్యం, సోషల్లో భూఉపరితలం చదివిన పిల్ల మరెలా అనుకుంటుంది? పక్కవాడు ఊరుకుంటాడా, ఆవర్తనం అంటే ఆవర్తన దశాంశమా అన్నాడు. ఈ మాట సంగతేమిటో పెద్దలు చెప్పాలి.

డెస్కు మనిషి:
పత్రికలో చాన్నాళ్లు ఈ వార్తలు దిద్దినవాణ్ణి. వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్‌లో ఉండేది ‘అప్పర్ ఎయిర్ సైక్లోనిక్ సర్క్యులేషన్’, అంటే పైన ఎత్తులో గాలి తుఫానులా సుడి తిరగడం. అప్పర్ కాస్తా ఉపరితలమైంది, సర్క్యులేషన్ ఆవర్తనమైంది, మధ్యలో ఎయిరూ సైక్లోనిక్కూ గాలికి పోయాయి. అసలు తమాషా వేరే ఉంది. హైదరాబాద్ నగర సూచనలో ‘ఉపరితల గాలులు’ అని వస్తుంది చూడండి, అది సర్ఫేస్ విండ్స్‌కి తెలుగు. అంటే ఒకే వార్తలో ఒక ఉపరితలం నేల మీద, ఇంకోటి ఆకాశంలో! ఆ శాస్త్రంలో సర్ఫేస్, అప్పర్ ఎయిర్ అనేవి ఒకదానికొకటి ఎదురు మాటలు. మనం రెంటికీ ఒకే టోపీ పెట్టాం.

సంస్కృతం సారు:
తప్పనలేం. ఉపరి అంటే పైన. తలం అంటే మట్టం, అడుగు, పైముఖం, సందర్భాన్ని బట్టి ఏదైనా. పై మట్టం అనుకుంటే ఆకాశానికీ సరిపోతుంది, వస్తువు పైముఖం అనుకుంటే నేలకీ సరిపోతుంది. ఇక ఆవర్తం అంటే నీటి సుడి. తిరిగి తిరిగి రావడం ఆవర్తనం. దశాంశంలో అంకెలు తిరిగొస్తాయి, ఆవర్తన పట్టికలో గుణాలు తిరిగొస్తాయి, ఇక్కడ గాలి తిరుగుతుంది. ఆ అబ్బాయి అడిగినది అల్లరి ప్రశ్న కాదు, ధాతువు ఒకటే.

గుంటూరు నుంచి ఒకరు:
సంస్కృతం ఒప్పుకుంది, సంతోషం. పిల్ల ఒప్పుకోవాలిగా! ‘ఎగువ గాలి సుడి’ అంటే పోలా? సుడిగాలి ఉంది, సుడిగుండం ఉంది, వాయుగుండం ఎటూ ఉంది.

భౌతికశాస్త్రం సారు:
మాట మార్చినా మార్చకపోయినా, ఆ 5.8ని మాత్రం వదలొద్దు టీచర్ గారూ. పాఠమంతా దాన్లోనే ఉంది. బులెటిన్లలో 0.9, 1.5, 3.1, 5.8, 7.6 ఇలా అవే అంకెలు మళ్లీ మళ్లీ ఎందుకొస్తాయో పిల్లల్ని అడగండి. అవి మనం కిలోమీటర్ల లెక్కన ఏరుకున్న ఎత్తులు కావు, పీడనం లెక్కన వచ్చినవి. సముద్రమట్టం దగ్గర పీడనం సగటున 1013 మిల్లీబార్లు. 1.5 కిలోమీటర్ల దగ్గర దాదాపు 850, 3.1 దగ్గర 700, 5.8 దగ్గర 500. అంటే 5.8కి చేరేసరికి భూమ్మీదున్న గాలిలో సగం కిందే ఉండిపోయింది! వాతావరణంలో అన్నిటికన్నా కింది పొర, ట్రోపో ఆవరణం, మన వైపు 16 కిలోమీటర్ల పైచిలుకు ఉన్నా, బరువంతా అడుగునే.

బోర్డు మీద నిలువు గీత గీసి, 0.9 దగ్గర తిరుమల, 1.5కి కాస్త పైన తూర్పు కనుమల్లోని అర్మకొండ, 5.8 దగ్గర కిలిమంజారో, 8.8 దగ్గర ఎవరెస్టు రాయండి. తిరుమల వెళ్లొచ్చిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, ఎత్తు ఇట్టే పట్టుకుంటారు. ఆ ఎత్తుల్లో గాలి ఎటు వీస్తోందో ఎలా తెలుస్తుందంటారా? విశాఖ, హైదరాబాద్ లాంటి చోట్ల తెల్లవారుజామున బెలూన్ వదులుతారు, దానికి కట్టిన పరికరం పైకెళుతూ రేడియోలో కబురు పంపుతుంది.

ఇంకో మాట. పైన గాలి అపసవ్యంగా సుడి తిరుగుతున్నా కింద సముద్రం మీద పీడనం పెద్దగా తగ్గకపోవచ్చు. అప్పుడది ఒట్టి ఆవర్తనం. ఆ ప్రభావం కిందికి దిగి పీడనం పడితే అల్పపీడనం. గాలి వేగం గంటకి 31 కిలోమీటర్లకి చేరితే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుఫాను. మొదటి మెట్టు పైనే ఉందని చెప్పేది ఆ ‘ఉపరి’ ఒక్కటే. అందుకని నాకు దాని మీద కోపం లేదు.

టీచరమ్మ:
నిలువు గీత గీశాం. తిరుమల దగ్గర రాసిన 0.9ని చూసి ఒకడు మెట్ల దారినా, బస్సులోనా అన్నాడు. అది వదిలేయండి. ఇవాళ తెచ్చిన ముక్కలో ఆవర్తనం ఎత్తు పెరిగేకొద్దీ నైరుతి వైపు వంగి ఉంది, అని ఉంది. గాలి వంగడమేంటని క్లాసంతా నవ్వింది.

భౌతికశాస్త్రం సారు:
నిజంగానే వంగుతుంది! నైరుతి రుతుపవనాల కాలంలో వచ్చే అల్పపీడనాల సుడి నిటారుగా ఉండదు. కింద కేంద్రం ఒడిశా తీరం దగ్గరుంటే, పైన 5.8 దగ్గర దాని కేంద్రం నైరుతి పక్కకి జరిగి ఉంటుంది. భారీ వాన కూడా ఎక్కువగా ఆ నైరుతి భాగంలోనే పడుతుంది. అల్పపీడనం ఒడిశాలో, వాన ఆదిలాబాద్‌లో ఏమిటని విసుక్కునేవాళ్లకి ఇదే జవాబు. ఒక్కో ఎత్తుకీ ఒక్కో అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, కొంచెం కొంచెం పక్కకి జరుపుతూ పేర్చి చూపించండి.

గుంటూరు నుంచి ఒకరు:
సరే, నా ‘ఎగువ గాలి సుడి’ని క్లాసు వరకైనా వాడండి. రేపు పేపర్ చదివేటప్పుడు ఉపరితల ఆవర్తనం కనిపిస్తే అదే ఇది అనుకుంటారు.

టీచరమ్మ:
రెండూ పక్కపక్కనే రాయించాను. ఇక ‘ఉపరితల ద్రోణి’ మిగిలింది. ద్రోణాచార్యుడికేమవుతుందని అప్పుడే అడిగేశారు.

సంస్కృతం సారు:
అవుతుంది. ఆయన పుట్టింది ద్రోణమనే పాత్రలోనే. దానికి విడిగా పోస్టు పెట్టండి, ఇక్కడ తేలదు.