సమస్యాపూరణం: “కన్నులు వినంగ వీనులు గాంచుచుండె”

నిర్వాహకులు:
మన సభ్యుల పద్యాలు, వాటిని చదివి చిత్రకారులు గీసిన బొమ్మలు, ఆ బొమ్మలను చూసి మళ్ళీ పుట్టిన పద్యాలు కలిసిన కొత్త సంకలనం అచ్చుకు సిద్ధమైంది. దానికి గద్యంలో పీఠిక రాయబోతే వాక్యం సాగలేదు గాని, ఈ పాదం మాత్రం తనంత తానే తట్టింది. పూరణ, అంటే ఈ పాదమే చివరిదిగా వచ్చేలా అల్లే పద్యం, సంకలనాన్ని పరిచయం చేసేదిగా ఉండాలి. మెచ్చినదాన్ని పీఠికకు బదులుగా మొదటి పుటలో వేస్తాము.

నాగస్వరం:

శివుని చిత్రింప నొక పుటఁ, జెంత నున్న
పద్యమునుఁ బాడ నాగము పడగ విప్ప
దాని కెదురుగ రసికుఁడు తలను నూఁప
కన్నులు వినంగ వీనులు గాంచుచుండె.

పాము కళ్ళతోనే వింటుందని కదా దానికి చక్షుఃశ్రవమని పేరు. పాదంలో సగం బొమ్మలోని పాముకు, మిగిలిన సగం పద్యం వింటూ బొమ్మను ఊహించుకునే పాఠకుడికి పంచాను. తల ఊపడం ఇద్దరికీ సమానధర్మం.

ద్రుతప్రియ:
ఆ సమానధర్మానికి నేనూ తల ఊపాను గాని, మూడవ పాదం చివరికి వచ్చేసరికి తల ఆగిపోయింది. “ఊఁప” ద్రుతాంతం (చివర నకారం దాగి ఉన్న పదం) కనుక, తర్వాతి కకారం గకారమై సమస్య “గన్నులు” అని మొదలు కావాలి; ఇచ్చిన అక్షరాన్ని కదిలించడం పూరణకు శోభ కాదు. “దాని కెదురుగ నూఁపిరి తలలు బుధులు” అంటే చిక్కు వీడుతుంది. ఇక చక్షుఃశ్రవమంటారా, అది అమరకోశం నాటి నుంచి ప్రతి పూరకుడి బుట్టలోనూ ఉన్న పామే. చిత్రాన్నీ పద్యాన్నీ నిజంగా కలపదలిస్తే నాగబంధమే రాయవలసింది. అక్కడ అక్షరాలే పాము ఒంటిమీద వరుసగా నిలిచి, మెలికలు ఒకదాన్నొకటి దాటే గడిలో ఒకే అక్షరం రెండు చోట్లా పలుకుతుంది. ఈ సంకలనంలో ఒక్క బంధమైనా లేకపోవడం నాకు లోటుగానే తోస్తోంది.

నాగస్వరం:
సవరణ బాగుంది, స్వీకరిస్తున్నాను. బంధాలు లేకపోవడానికి కారణం మాత్రం ద్రుతప్రియ గారికి తెలియనిది కాదు. వారు మునుపు పంపిన పద్మబంధంలో రేకులన్నిటికీ ఉమ్మడిగా దుద్దులో, అంటే పువ్వు నడిమి గడిలో, నిలవవలసిన అక్షరాన్ని ఒక రేకులో రకారంగానూ, పక్క రేకులో శకటరేఫంగానూ (ఱ) చదువుకోవలసి వచ్చింది. బొమ్మ వేసినవారు ఆ గడిలో ఏది రాయాలో తేలక ఖాళీగానే వదిలేశారు.

పటచిత్రి:

రాగమాలను గీసిన రమ్యచిత్ర
మొకటఁ, బద్యము వేఱొక మూల నిలువఁ
జూచువారెల్ల విని, విన్న చోటఁ గనిరి;
కన్నులు వినంగ వీనులు గాంచుచుండె.

రాగమాల చిత్రాలు నాదాన్ని రూపంగా చూపడానికే పుట్టాయి. తోడి రాగిణి (స్త్రీ రూపంగా భావించిన రాగం) చిత్రంలో వీణ పట్టిన స్త్రీ చుట్టూ జింకలు చేరి ఉంటాయి. వాటి నిక్కిన చెవులను చూసినప్పుడు మన కంటికి శ్రుతి అందుతుంది.

ద్రుతప్రియ:
“చూచువారెల్ల విని, విన్న చోటఁ గనిరి” అన్న పాదం ఒక్కటి చాలును, సమస్య అక్కడే తీరిపోయింది. అయితే యతి (పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) కోసం పద్యాన్ని మూలకు నెట్టడం అన్యాయం. రాగమాల చిత్రాలలో చాలావాటికి పద్యం తలమీద పట్టీలో కూర్చుంటుంది. మన సంకలనంలో అంతకన్నా తక్కువ చోటు దొరికితే చిత్రకారులు గెలిచినట్లూ, మనం ఓడినట్లూ అవుతుంది.

వర్ణలేఖ:
నాలుగు బొమ్మలు గీసినదాన్ని కనుక గెలిచిన పక్షం నుంచే చెబుతున్నాను. “మొకటఁ, బద్యము దానికి మోల నిలువఁ” అనండి. యతి చెడదు, పద్యం మూల నుంచి లేచి బొమ్మకు ఎదుట నిలబడుతుంది. పద్యంలో ఉన్నదంతా బొమ్మలో మళ్ళీ గీయకూడదని నేను పట్టుబట్టింది కూడా ఇందుకే. పద్యంలో వాన కురుస్తుంటే నేను తడిసిన గడపను మాత్రమే గీశాను; వాన చప్పుడు పద్యానిదే.

నిర్వాహకులు:
మోల అన్నది అచ్చులోనూ పాటిస్తాము. ఎడమ పుటలో చిత్రం, కుడి పుటలో పద్యం, రెండింటికీ సరిసమానమైన అంచు.

మౌనవీణ:

వినఁగలేనట్టి మిత్రుఁడు పేర్మిఁ జదువఁ,
జూపు లేనట్టి మఱియొక సుకవి కొఱకుఁ
జిత్రముల నెల్ల వర్ణించి చెప్పినారు;
కన్నులు వినంగ వీనులు గాంచుచుండె.

ఇందులో శ్లేష లేదు, పాము లేదు. సంకలనంతో పాటు చిత్రాల వర్ణనలను చదివి రికార్డు చేసిన ఆడియో కూడా ఇస్తున్నారు కనుక ఉన్న సంగతే పద్యమైంది.

నాగస్వరం:
నా పాము పుట్టలోకి వెళ్ళిపోయింది. పీఠిక స్థానానికి ఇదే తగినది.

ద్రుతప్రియ:
ద్రుతాలన్నీ సరిగ్గా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. “పేర్మిఁ జదువ” మాత్రం యతి కోసం తెచ్చిపెట్టుకున్నట్లుంది. “వేడ్కఁ జదువ” అంటే వకారానికి వకారమే పడుతుంది.

మౌనవీణ:
కృతజ్ఞతలు. ఆ మిత్రుడు చదివేటప్పుడు ఎదురుగా కూర్చుని చూశాను. అది వేడుక కాదు, పేర్మే. అలాగే ఉండనివ్వండి.